కోటేశ్వరి నడుము

1936 ఆగస్టు 10

రాఘవమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చదవలేవని తెలిసే రాస్తున్నాను.

మన కోటేశ్వరికి కొన్నాళ్లుగా నడుంనొప్పి. నువ్వు ఎదురుకాళ్లతో పుట్టావని, నీ కాలు తగిలితే పట్టేసిన నడుము సర్దుకుంటుందని ఎక్కడెక్కడివాళ్లో వచ్చి తన్నించుకునేవాళ్లు కదా. "దీని తల్లే ఉంటే ఒక్క తాపుతో లేపేది గదరా," అంది పక్కింటి పెద్దమ్మ.

మొన్న గుంటూరు తీసుకెళ్లాను. డాక్టరుగారు రుమాలు కింద పడేసి తియ్యమన్నారు. పిల్ల నడుము వంచకుండా, మోకాళ్ల మీద చేతులు ఆనించి, గొంతుక్కూర్చుని తీసింది. వెన్నులో ఒక పూస పైకి పొడుచుకొచ్చింది. ఎక్స్‌రే చూసి వెన్నెముకకు క్షయ అన్నారు. దానికి ఇంకా మందు కనిపెట్టలేదట. ఏడాదికి పైగా కదలకుండా పడుకోబెట్టాలట. మళ్లీ నడుస్తుందో లేదో చెప్పలేనన్నారు.

"ఎవరిచేతా తన్నించలేదు గదా? తన్నిస్తే కాళ్లు ఆరోజే పడిపోయేవి," అన్నారు.

ఈ పొద్దున మెడ నుంచి తొడల దాకా పిండికట్టులో పడుకుని కోటేశ్వరి అడిగింది.

"నాయనా, అమ్మ ఉంటే ఒక్క తన్ను తన్నేది, పోయేది గదా?"

"పోయేదమ్మా," అన్నాను.