బ్రేకు పడలేదన్న మాట

సూర్యాపేట,
అక్టోబర్ 14, 2025.

చిరంజీవి సింధూజకు,

అమ్మ దీవెనలు. ఇక్కడ మేం ముగ్గురం క్షేమంగానే ఉన్నాం. కోయంబత్తూరులో నీకు తిండీ నిద్రా సరిగ్గా సాగుతున్నాయని తలుస్తాను. నానమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పిన రోజు నా ముఖం చూసి, ఇంత ముసల్దానివి ఎప్పుడైనవే అని అడిగింది. మీ నాన్న పొద్దున మిర్యాలగూడ మిల్లుకు పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం. బీపీ గోలీలు నేనే డబ్బాలో పెట్టి పంపుతున్నాను. వానలు వదలడం లేదు. పత్తి చేలోనే నల్లబడుతోందని అందరూ పరేషాన్‌లో ఉన్నారు.

నువ్వు అడిగిన కందిపొడీ చింతకాయ తొక్కూ పార్సిల్ చేశాను. కారు ఫోటో నాన్నకు చూపించాను. నీకంటే అయిదేళ్ళు పెద్దదైన కారును, అదీ రెండే సీట్లున్నదాన్ని, రేసుల కోసం కొనడమేమిటని కాసేపు గొణిగి, ఆ తర్వాత ఫోటోను తన ఫోన్‌లోకి పంపించుకున్నారు.

ఇక బ్రేకుల సంగతి. ట్రాక్ మీద నాలుగు చుట్లు తిరిగేసరికి పాత బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతున్నాయని రాశావు. రెండు దారులున్నాయని నాకు అర్థమయ్యేలా బొమ్మలు గీసి పంపావు. ఉన్న బ్రేకులనే ఉంచి మంచి ప్యాడ్లు, మంచి ఆయిల్ వేయడం ఒకటి. ముందు చక్రాలకు పెద్ద డిస్కులు, రేసు ప్యాడ్లు బిగించడం రెండోది. నువ్వు రెండోదానికే మొగ్గావు. నీకు జరిగింది నాకు జరగొద్దమ్మా అని కారణం కూడా రాశావు. దాని కిందే ఒక ప్రశ్న అడిగావు. ఆ రోజు పెడల్ మెత్తగా కిందిదాకా దిగిపోయిందా, లేక రాయిలా గట్టిగా ఉండి కారు ఆగలేదా అని. దిగిపోతే ఆయిల్ తప్పు, గట్టిగా ఉంటే ప్యాడ్ల తప్పు, అది తెలిస్తే ఎంచుకోవడం సులువన్నావు.

ఆ ప్రశ్న చదివి పదకొండు రోజులైంది. ఫోన్‌లో నువ్వు గుర్తు చేసినప్పుడల్లా రాస్తానన్నాను. నోటితో చెప్పే ధైర్యం లేకనే.

ముందు బ్రేకులు తెలిసినవాడి మాట రాస్తాను. నీ బొమ్మలు పట్టుకుని కోదాడ పోయి పరశురాములును కలిశాను. ఆ పేరు చూడగానే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. ఉత్తరం పక్కన పెట్టకు బిడ్డా, చివరిదాకా చదువు.

రేసులు తనకు తెలియవనీ, వేడి మాత్రం తెలుసనీ అన్నాడు. ఘాట్ రోడ్లు దిగే లారీలకు ఎన్ని వందల బ్రేకులు చేశాడో లెక్క లేదు. కారు బరువెంతని అడిగితే నీ కాగితంలో ఉన్నది చదివి చెప్పాను. అంత తేలిక బండికి ముందు పెద్ద డిస్కులు వేస్తే ముందు చక్రాలు కరిచి పట్టుకుంటాయనీ, స్టీరింగ్ తిప్పినా బండి మలుపు తిరక్కుండా నేరుగా జారిపోతుందనీ చెప్పాడు. రేసు ప్యాడ్లు బాగా కాగితే గానీ పట్టవట. మొదటి చుట్టులో చల్లగా ఉన్నప్పుడు వాటిని నమ్ముకుంటే మోసపోతావన్నాడు. ఉన్న డిస్కులే ఉంచి మధ్యరకం ప్యాడ్లు వేయమన్నాడు. ఎక్కువ వేడికి మరగని ఆయిల్ పోయమన్నాడు. పాతబడ్డ రబ్బరు గొట్టాలు తీసేసి కొత్తవి వేసుకోవాలి, డిస్కులకు గాలి తగిలే దారి చేయాలి, ప్రతి రేసుకు ముందు ఆయిల్ మార్చి లోపల చేరిన గాలి తీయాలి. చివర ఒక మాటన్నాడు: "భయంతోని బ్రేకులు ఎన్నుకోవద్దని సెప్పు అమ్మా బిడ్డకు."

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. పెడల్ కిందికి దిగలేదు, రాయిలానూ లేదు. నా కాలు దాని మీద లేదు.

నీకు తెలిసిన కథే, ఈసారి జరిగినట్టు రాస్తున్నాను. నీకప్పుడు ఎనిమిదేళ్ళు. దసరా సెలవులకు నిన్ను మిర్యాలగూడ హాస్టల్ నుంచి తీసుకురావడానికి ఒక్కదాన్నే కారులో బయల్దేరాను. మన ఇంట్లో కారు నడిపిన మొదటి ఆడదాన్ని నేనే. నాలుగు రోజుల కిందటే పరశురాములు ఆ కారుకు కొత్త బ్రేకులు వేశాడు. పెన్‌పహాడ్ దాటాక తండా దగ్గర ఒక మలుపు. అక్కడ రోడ్డు దిగువన ఆ తండా సోమ్లా సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. సైకిల్ వెనక గడ్డిమోపు. అతణ్ణి దూరం నుంచే చూశాను. ఇంతలో ఒక మేక రోడ్డుకు అడ్డం వచ్చింది. కాలు బలంగా తొక్కాను. కారు ముందుకు దూకింది. ఆగడం లేదని ఇంకా గట్టిగా తొక్కాను. ఎంత తొక్కితే అంత వేగం పెరిగింది, ఇంజను అంతగా అరిచింది. మేకను తప్పించబోయి పక్కకు తిప్పాను. సోమ్లా చెయ్యెత్తాడు. పారిపోలేదు. కారు ఆగుతుందనుకున్నాడు.

అతణ్ణి కొట్టేసి కారు కల్వర్టు గోడకు గుద్దుకుంది. సోమ్లా అక్కడే ప్రాణం విడిచాడు. చక్రం విరిగి, గొట్టం తెగి, బ్రేక్ ఆయిలంతా కారిపోయింది. చూసినవాళ్ళు అదే కారణమనుకున్నారు. దవాఖానలో ఎవరు అడిగినా నేను ఒక్కటే అన్నాను, బ్రేకు పడలేదని. ఒట్టు సింధూ, అప్పుడు నేనూ అదే నమ్మాను. మూడో రోజు నర్సు కట్టు మారుస్తూ, కుడికాలు చాపి నా చేతిని తొక్కమ్మా అంది. తొక్కాను. తొక్కుతుంటేనే ఆ రోజు నా పాదం ఎక్కడుందో తెలిసిపోయింది. కుడివైపు చివర, యాక్సిలరేటర్ మీద ఉంది. మొదటి నుంచీ అక్కడే ఉంది.

ఆ పొద్దున్నే మీ బాబాయిలు పరశురాములు షెడ్డుకు తాళం వేయించారు. సోమ్లా చూసుకోకుండా రోడ్డు మీదికి వచ్చాడని కూడా ఊళ్ళో మాట పుట్టింది. నేను నోరు విప్పితే రెండూ ఆగిపోయేవి. ఆడది బండి నడిపితే గింతే అంటారని భయపడ్డాను. జైలంటే భయపడ్డాను. ఊరుకున్నాను. నీకు పరశురాములు మీద కోపం నేర్పింది కూడా నేనే.

ఈ పదిహేడేళ్ళలో సోమ్లా ఎత్తిన ఆ చెయ్యి నన్ను వదల్లేదు. బజారులో ఎవరైనా ఆటో ఆపడానికి చెయ్యెత్తితే నేను అక్కడే నిలబడిపోతాను. ఒకసారి కూరగాయల సంచి జారిపోయినా తెలియలేదు. మొదటి రేసు గెలిచి, చెయ్యెత్తి నవ్వుతున్న నీ ఫోటోను ఫ్రేమ్ కట్టించి పంపావే, గోడకు తగిలించలేదని అలిగావే, దానికి కారణం ఇదే.

పరశురాములు ఇప్పుడు కోదాడలో బావి మోటార్లు బాగుచేస్తున్నాడు. బ్రేకుల పని మళ్ళీ ముట్టలేదట. నీ బొమ్మలు చూపించే ముందే అతనికి నిజం చెప్పాను. చేతిలో ఉన్న పానా కింద పెట్టాడు.

"ఏ నట్టు ఇడిసిపెట్టిననో అని పదిహేడేండ్ల సంది యెతుకుతున్న అమ్మా," అన్నాడు. "నాలుగు సక్రాలు. ఒక్కొక్క నట్టు యాది జేసుకుంట."

తర్వాత లోపలున్న భార్య సత్తెమ్మను పిలిచాడు.

"ఇంగొకసారి సెప్పు. మా ఆమె ఇనాలె."

మళ్ళీ చెప్పాను. సత్తెమ్మ నన్ను తిట్టలేదు. ఈ మాట అప్పుడే అంటే నీదేం పోతుండె అని మాత్రం అడిగింది. కాగితం మీద రాసివ్వమని పరశురాములు అడిగాడు. నీ బొమ్మ వెనకే రాసి సంతకం పెట్టాను. అందుకే నాలుగు బొమ్మల్లో మూడే తిరిగి పంపుతున్నాను. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాక, పిల్ల ఏమడిగిందో చూపించమన్నాడు. పైన రాసిందంతా అప్పుడు చెప్పాడు. క్షమించానని అనలేదు. నేను లేచి వస్తుంటే పోయిరమ్మనీ అనలేదు.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. ఆ పూట ఆయన అన్నం తినలేదు. అయిపోయినదాన్ని తవ్వకు అరుంధతీ అన్నారు. నేను తండాకు పోతానంటే మాత్రం వద్దనలేదు. నిన్న తానే తీసుకెళ్ళి, బయట కారులో తల వంచుకుని కూర్చున్నారు.

సోమ్లా భార్య సాలి చేలో పత్తి ఏరుతోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఆయన రోడ్డు మీదికి రాలేదమ్మా, దిగువనే నిలబడ్డాడు అన్నాను. తర్వాత మిగిలిందంతా చెప్పాను. వింటూనే ఆమె రెండు చెట్లు ఏరింది. తడిసిన పత్తిని వేరుగా, మంచిదాన్ని వేరుగా ఒళ్ళో వేసుకుంది.

"బండి ఒర్రిన సప్పుడు తండా అంత ఇన్నది," అంది. "బ్రేకు లేని బండి ఊకె ఉరుకుతది గనీ గట్ల ఒర్రదు. మాకు గప్పుడే ఎర్కే."

మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

సాలి అప్పుడు తలెత్తి నన్ను చూసింది.

"మమ్ముల ఎవలడిగిండ్రు?"

ఇట్లు,
నీ జవాబు ఎలాంటిదైనా తీసుకునే
నీ అమ్మ,
అరుంధతి