ముక్కుతో ఊదే వేణువు

నాన్నగారికి, ఒళ్ళు మండిపోతోందన్న మాటే గానీ నేను కులాసాగానే ఉన్నాను.

ఈ ఉదయం మా మ్యూజియం తుక్కుబుట్టలోంచి ఒక పాత వెదురు వేణువు తొంగిచూస్తూ కనిపించింది. దానికి కట్టిన చీటీ మీద మా పెద్దసారు "మూగది, పారవేయవలెను" అని రాశారు. దాని కొస కణుపుతో మూసి ఉంది, ఆ కణుపులోనే సన్నని బెజ్జం ఉంది. అది నోటితో కాదు, ముక్కుతో ఊదేది. ఆ మాటే పెద్దసారుతో మెల్లగా చెప్పాను.

"ముక్కుతో మాట్లాడేవాళ్ళని చూశానమ్మా! ఊదడం కూడానా? ఏదీ, నువ్వు ఊదు!" అన్నారు. గదంతా నవ్వింది. నాకేమో జలుబు. ఆయనకు ఊదడం తెలియకపోతే వేణువు మూగదైపోతుందా?

మీ వాయిద్యాల పుస్తకంలో ఒకాయన ముక్కుతో వేణువు ఊదుతున్న బొమ్మ ఉంది. ఆ పేజీ నకలు వెంటనే పంపండి. శనివారం తుక్కు ఎత్తుకుపోతారు, ఆలోగా ఆ చీటీ మారాలి.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లి నా నిఘంటువు వాడుకోవచ్చు గానీ పేజీల మూలలు మడవకూడదు. అమ్మమ్మకు నా నమస్కారాలు.

వేణువు ఇప్పుడు బుట్టలో లేదు. గొడుగులో దాచి నా గదికి తెచ్చేశాను.