ఈ వేసవి కుస్తీకి ముందు

తమ్ముడు దోర్జ్‌పలంకి,

ఉన్ని అమ్మడానికి ఉలాన్‌బాతర్ వెళ్తున్నానని నీతో చెప్పింది అబద్ధంరా. గుర్రం మీద జీను వేయబోతే నా వెన్నుపూస విరిగింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో పడుకున్నాను. ఎముకలు గుల్లబారాయన్నారు.

"అది ముసలమ్మల జబ్బు కదా?" అన్నాను.

"మీ కాలేయం ఏళ్ళ తరబడి లోలోపల వాచి ఉంది. ఆ వాపు ఎముకల్ని కూడా తినేస్తుంది. ఆడవాళ్ళు ముందే వచ్చి అడుగుతారు, మగాళ్ళు విరిగాక వస్తారు" అంది డాక్టరమ్మ.

మీ వదిన ఊరుకుంటుందా? "గుర్రానికైతే రోజూ డెక్కలు చూస్తాడమ్మా, తనని మాత్రం చూసుకోడు" అని వంత పాడింది. తర్వాత బయటికి వెళ్ళి ఏడ్చింది.

నాకు నువ్వు గుర్తొచ్చావు. కాలేయం జబ్బు మనిద్దరికీ అమ్మ నుంచే వచ్చింది. నువ్వేమో వచ్చే నెల కుస్తీకి దిగుతున్నావు. నేను వద్దంటే వినవు.

అందుకే నిన్న నీకు చెప్పకుండా కుస్తీ పోటీలు నడిపే పెద్దల దగ్గరికి వెళ్ళాను. చొక్కా ఎత్తి నడుముకి కట్టిన పట్టీ చూపించాను. "ఎముకల పరీక్ష అయ్యేదాకా మావాడి పేరు పక్కన పెట్టండి" అన్నాను. నీ పరువు తీస్తున్నానేమోనని భయపడ్డాను. ఎవరూ ఎగతాళి చేయలేదు. అందరూ వెళ్ళాక మీ గురువు బాత్‌మునఖ్ నా పక్కన కూర్చుని, "ఆ పరీక్ష ఎక్కడ చేస్తారయ్యా? నాదీ మీ కాలేయం జబ్బే" అని మెల్లగా అడిగాడు.

మంగళవారం ఎముకల పరీక్షకి ఆసుపత్రిలో మీ ఇద్దరి పేర్లూ రాయించాను. ఆయన జీపులోనే వెళ్దాం. కోపముంటే దారి పొడుగునా తిట్టు, వింటాను.

మీ అన్న