ఆపిన ఫ్యాను

అవ్వా,

నువ్వు పోయాక మనింట్లో నాకోసం ఫ్యాను ఆపేవాళ్లు లేరు. సోలార్ ప్లేట్లు కడిగే పని నుంచి వచ్చి నేను చెవులు మూసుకుంటే, "ముప్పై ఏండ్లొచ్చినాయి, ఫ్యాను చప్పుడు ఏం చేస్తాదిరా నిన్ను?" అంటాడు నాన్న.

నిన్న అక్క నన్ను పావగడలో కౌన్సెలింగ్ మేడం దగ్గరికి తీసుకుపోయింది. "నీది రోగం కాదప్పా, నీ మెదడు తీరే అంత. నిన్ను మార్చేదానికి కాదు నేనుండేది," అంటూ ఆమె, నేను చెవులు మూసుకునేది చూసి ఫ్యాను ఆపేసింది.

ఏదో ఎత్తుగడే అనుకున్నాను. చిన్నప్పుడు ఇట్లా మెత్తగా మాట్లాడిన డాక్టర్లే తర్వాత నా గడ్డం పట్టుకుని కళ్లలోకి చూడమన్నారు. ఈ ఎండల్లో ఎంతసేపు ఓర్చుకుంటుందోనని స్విచ్చికే కాపలా కాశాను. వెయ్యలేదు. ఈమెకు ఉక్కపోయదేమో!

బయటికొచ్చాక కిటికీలోంచి తొంగిచూశాను. ఆమె ఫ్యాను వేసుకుని, దాని కిందే నిలబడి మెడ తుడుచుకుంటోంది.

నీకూ అట్లే ఉక్కపోసేదా, అవ్వా?