అన్ననని చెప్పుకున్న మనిషి

నేరేడ్‌మెట్, సికింద్రాబాద్
ఆదివారం మధ్యాహ్నం

అక్కకి,

ఈ ఉత్తరం చదివాక నీకు పట్టబోయే అనుమానపు జబ్బుకీ, ఈలోపు పొయ్యి మీద మాడిపోయే కూరకీ, వీణ్ణి సోషల్ వర్క్ ఎందుకు చదివించామా అని నువ్వు పెట్టబోయే శోకాలకీ ముందుగానే చేతులు కట్టుకుని, తల వంచి క్షమాపణ వేడుకుంటున్నాను. ఇందులో నా తప్పు ఆవగింజంత కూడా లేదన్నది వేరే విషయం.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారు హెల్మెట్ తలకి పెట్టుకుంటున్నారా, ఇంకా బండి అద్దానికే తగిలిస్తున్నారా? నేను క్షేమం. నిజంగానే క్షేమం. వేళకి తింటున్నాను. మెస్సులో సాంబారు మాత్రం సోమవారం కాచిందే శనివారం దాకా పోస్తున్నారని నా అనుమానం, సాక్ష్యాలు సేకరిస్తున్నాను. గది బాగుంది. వాన పడితే ఒక మూల తడుస్తుంది, మిగతా మూడు మూలలూ నావే. చర్చిలో వెనక బెంచీలో కూర్చుంటున్నాను. పక్కాయన పలకరిస్తే, ఎందుకు పలకరించాడా అని ఆరాధన అయ్యేదాకా ఆలోచిస్తున్నాను. ఫోన్ చేద్దామంటే ఇంటి ఓనరమ్మ గోడవతల చెవి పెట్టి వింటుందేమోనని భయం. అందుకే ఈ ఉత్తరం.

నన్ను ఇలా చేసింది ఉద్యోగమే. ఇంట్లో దెబ్బలు తిని బయటపడ్డ ఆడవాళ్ళకి అండగా ఉండే సంస్థ మాది. స్టేషనుకి తోడు వెళ్ళడం, ఆసుపత్రి కాగితాలు తెచ్చిపెట్టడం, కోర్టులో పక్కన కూర్చోవడం నా పని. ఆఫీసు కార్ఖానా అనే పేటలో ఉంది. వాళ్ళు తలదాచుకునే ఇల్లు ఎక్కడుందో నీకు కూడా చెప్పను. నువ్వు అమ్మకి చెబుతావు, అమ్మ స్త్రీల సమాజంలో ప్రార్థన మనవిగా చెబుతుంది.

చేరిన రోజే మా మేడమ్ ఉపదేశం చేశారు. "చూడు బాబూ, ఎవరన్న వచ్చి ఫలానా ఆమె ఉన్నదా అంటే, ఉన్నదనొద్దు, లేదనొద్దు. పోయినేడు మేనమామనని ఒకడొచ్చి మస్తు ఏడ్చిండు. తీరా చూస్తే మొగని దోస్తు. కని లోపలున్న ఆమెకు మాత్రం అన్నీ చెప్పాలె. కలుస్తదో కలవదో ఆమె ఇష్టం, మనది గాదు."

మొదటి సగం నాకు బాగా నచ్చింది.

మూడు వారాల కిందట ఒకావిడ వచ్చింది. పేరు రాయను. భర్త మణికట్టు విరగ్గొట్టాడు. కేసు పెట్టింది, త్వరలో కోర్టులో చెప్పాలి. అప్పటిదాకా నిలబడుతుందా, మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళిపోతుందా అని మా అందరికీ గుబులు. మేడమ్ ఏదో శిక్షణకని ఊరెళ్ళిన వారంలోనే ఆఫీసుకి ఒక మనిషి వచ్చి ఆవిడ పేరు చెప్పి అడిగాడు.

"మా చెల్లె ఈడ ఉన్నదా సార్? జెర చెప్పుండ్రి. నేను ఆమె అన్నను. తిరుమలగిరిల బేకరీల పనిచేస్త."

"అలాంటి వివరాలు మేం చెప్పమండి."

"ఉన్నదో లేదో చెప్పనీకి ఏం తక్లీఫ్ సార్?"

"ఉన్నా చెప్పం, లేకపోయినా చెప్పం."

"ఏందీ సార్ గిట్ల మాట్లాడ్తరు? బ్యాంకు లాకర్ సుత గింత గట్టిగుండదు!"

అతని మోచేతుల దాకా మైదాపిండి. పని చేసేవాడు చేతులు కడుక్కోకుండా వస్తాడా, ఇది వేషమే అనుకున్నాను. మర్నాడు శుభ్రంగా కడుక్కుని వచ్చాడు. ఎవరో నేర్పి పంపారనుకున్నాను. ఏడిస్తే నటన అనుకున్నాను. ఏడవకపోతే, సొంత అన్నకి కన్నీళ్ళు రావా అనుకున్నాను. నంబరు రాసిచ్చిన చీటీని సొరుగులో పడేశాను. వరసగా ఐదు రోజులు వచ్చాడు. ఆరో రోజు రాలేదు. గూఢచారిని తరిమికొట్టిన గర్వంతో రెండు చాయ్‌లు తాగాను.

నిన్న ఆవిడ మేడమ్ ఎదురుగా వచ్చి కూర్చుంది.

"కేసు వాపస్ తీస్కుంట మేడమ్. ఇంటికి పోత."

"మళ్ళ కొడ్తే?"

"కొడ్తే కొడ్తడు. నాకెవరున్నరు? ఉన్నది ఒక్క అన్న. బేకరీల చేస్తడు. కార్ఖానా ఆఫీసుల అడుగుమని పక్కింటామెతోని కబురంపిన. ఇన్ని దినాలైంది, తొంగి సుత చూడలె. మా అన్నకే అక్కర లేనప్పుడు కోర్టుల నేనెవరి మొఖం చూస్కొని మాట్లాడాలె?"

మేడమ్ నా వైపు తిరిగారు. "ఎవరన్న వచ్చిండ్రా బాబూ?"

"రిజిస్టరు చూసి చెబుతాను మేడమ్," అన్నాను, ఫ్యాను వైపు చూస్తూ. మేడమ్ ఆవిడ చెయ్యి పట్టుకుని సోమవారం దాకా ఆగమని బతిమాలారు. ఆవిడ తలూపింది. బట్టల సంచి మాత్రం అప్పుడే సర్దేసుకుంది.

కందిపొడి అయిపోయింది, ఎవరైనా ఇటు వస్తుంటే పంపించు. అమ్మని ప్రార్థన చెయ్యమను, ఎవరి కోసమో మాత్రం చెప్పకు. బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. నన్ను మనసారా దీవించు, ఈసారి ఆ అవసరం కాస్త ఎక్కువగానే ఉంది. రేపు మేడమ్ ముందూ ఆవిడ ముందూ నిలబడి చెప్పాల్సిన మాట ఒకటుంది. నోరు పెగులుతుందో లేదో ముందు నీ దగ్గర చూసుకుంటున్నాను.

ఆ మనిషి వచ్చిన ఐదు రోజులూ సాయంత్రం పూట నేను ఆవిడ తలదాచుకున్న ఇంటికి వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, "నాకోసం ఎవరన్న వచ్చిండ్రా తమ్మీ?" అని అడిగింది.

"ఎవరూ రాలేదక్కా," అన్నాను. ఐదుసార్లూ అదే అన్నాను.

నీ తమ్ముడు,
కిరణ్