కొత్త జగ్గు బరువు

బుజ్జమ్మా,

క్షేమసమాచారాలు తరవాత. ముందు నా తప్పు ఒప్పుకోవాలి. పోయిన నెల సబ్బు మిశ్రమం మూడుసార్లు అచ్చుల్లో పోయకముందే గిన్నెలో గట్టిపడిపోయింది. తూకం నాది, తిప్పడం నీది కాబట్టి నిన్నే తిట్టాను. "నేను గబగబా తిప్పలేదు అమ్మమ్మా! కాస్టిక్ సోడాలో నీళ్లు తక్కువయ్యాయేమో చూడు" అన్నావు. "నీ తొందరకి నా లెక్కకు వంక పెట్టకే" అని, పనివాళ్లందరూ చూస్తుండగా నిన్ను పని మాన్పించి పంపేశాను.

నిన్న ఒక్కదాన్నే కలిపాను. నూనెలు చల్లారాకే సోడానీళ్లు పోసి, గరిటెతో మెల్లగా తిప్పాను. అయినా నాలుగు నిమిషాలకే గరిటె కదలలేదు.

నీళ్లను జగ్గుతో సహా తూచి, జగ్గుకి నూట ఎనభై గ్రాములు తీసేయడం నా అలవాటు కదా. అది పాత ప్లాస్టిక్ జగ్గు బరువు. ఇప్పుడున్న స్టీలు జగ్గుని ఖాళీగా తూచి చూస్తే మూడు వందల గ్రాములు. అంటే ప్రతిసారీ నూట ఇరవై గ్రాముల నీళ్లు తక్కువ పోశాను. ఇక మిశ్రమం జారుగా ఎలా ఉంటుంది?

పాతది పగిలిందనీ, కొత్తదాని బరువు ఇంతనీ నా పుస్తకంలోనే ఉంది. దస్తూరీ నాదే. రాసినట్టు నాకు గుర్తు లేదు.

ఈసారి తప్పింది నీళ్ల దగ్గర. రేపు సోడా ఎక్కువ వేస్తే ఎవరి ఒళ్లు కాలుతుందో. అందుకే సోడా డబ్బా అలమారలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి ఈ కవరులోనే ఉంది. నువ్వు వచ్చి తూకం వెయ్యి, నేను తిప్పుతాను. తాళంచెవి ఇమ్మని ఎప్పుడైనా నీమీద అరుస్తానేమో. ఇవ్వకు.

మీ అమ్మమ్మ