తమరు అవుటైన విషయమై

ది. 3-2-1999

శ్రీయుత మండల రెవెన్యూ అధికారి వారి సముఖమునకు, పడమటిపాలెం కాపురస్థుడు, సైకిల్ షాపు అడబాల దుర్గారావు దాఖలు చేసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: రిపబ్లిక్ డే క్రికెట్ మ్యాచిలో తమరు క్లీన్ బౌల్డ్ అయి కూడా క్రీజు ఖాళీ చేయకపోవుట, తద్వారా మా బౌలరు కొప్పాడి అబ్బులు గారికి జరిగిన అన్యాయము గురించి.

1. సదరు అబ్బులు గారు సముద్రం మీద వేటకు వెళ్లే మనిషి. పదిహేనేళ్లుగా మా ఊరి ఫాస్ట్ బౌలరు. రాజోలు నుంచి అమలాపురం దాకా ఆయనకి వికెట్లు సమర్పించుకోని జట్టు లేదు. వలలు లాగి లాగి కుడి భుజం పాడైనందున, తమ ఆఫీసు జట్టుతో ఆడే ఈ మ్యాచే తన ఆఖరి ఆటని ముందుగానే చెప్పియున్నారు.

2. ఆయన ఆఖరి ఓవరు ఆఖరి బంతికి తమ మధ్య స్టంపు ఊడి కీపరు కాళ్ల దగ్గర పడినది. అంపైరు తమ ఆఫీసు గుమాస్తా జోజి గారు. అబ్బులు గారు మర్యాదగా "అవుటేనాండీ?" అని అడిగారు. జోజి గారు "ఆయ్" అన్నారు. గ్రౌండంతా విన్నది. తమరు గుడ్లురిమి చూసిన మీదట ఆయనే "నో బాలండి" అని చెయ్యి చాపారు. ఇదేమిటని నేను నిలదీయగా, "ఆయ్ అంటే విన్నానని అండి, అవుటని కాదు" అని సెలవిచ్చారు. కోనసీమలో పుట్టి ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందండీ? పిల్ల నచ్చిందా అంటే "ఆయ్" అని, తాంబూలాలయ్యాక "విన్నానన్నానంతే" అంటే ఊరుకుంటామా?

3. అబ్బులు గారు చెప్పులు కూడా లేకుండా బౌలింగ్ చేస్తారు. ఆయన పాదం ముద్ర సున్నపు గీతకు జానెడు వెనుక స్పష్టముగా ఉండెను. చూడండి బాబూ అని బతిమాలితే, తమరు ఆ ముద్ర తొక్కుకుంటూ వెళ్లి, ఆట అయిపోయిందని జీపెక్కారు. మా చేలో గట్టు కాస్త జరిగితే నోటీసులు పంపుతారే, మరి దీన్నేమంటారు?

4. నో బాల్ అయితే నిబంధనల ప్రకారం ఇంకో బంతి వేయనివ్వాలి. అదీ వేయనివ్వలేదు. ఆయన ఆఖరి ఓవరు నేటికీ అసంపూర్తిగానే యున్నది.

5. ఈ మనిషి జన్మలో నో బాల్ వేసి ఎరగరు. ఇప్పుడు రోజూ నా షాపు ముందు కూర్చుని "దుర్గారావుగారండీ, గీత దాటేనంటారా?" అని అడుగుతున్నారు. వింటుంటే నాకు ఒళ్లు మండిపోతోంది. నేను బ్యాటు పట్టినవాణ్ని కాదు, బంతి విసిరినవాణ్ని కాదు. షాపు మూసుకుని వెళ్లి ఆయన పరిగెత్తుకొస్తుంటే చూసేవాణ్ని. ఆ కాసేపూ నేనూ ఎవరికీ తీసిపోననిపించేది. ఆయన మానేస్తున్నారంటే ఆ రోజు ఏడవడానికే వచ్చానండి. తమరు ఏడవనివ్వలేదు. ఆయన మెడలో వేద్దామని మేం చందాలేసుకుని తెచ్చిన బంతిపూల దండ తమ బిళ్ల బంట్రోతు పట్టుకుపోయి జీపుకి కట్టాడు.

కావున, (అ) తమరు అవుటైనట్లు ఉత్తర్వు జారీ చేసి పంచాయతీ బోర్డు మీద అంటించుట, లేదా (ఆ) వచ్చే ఆదివారం గ్రౌండుకు వచ్చి మిగిలిన ఆ ఒక్క బంతిని ఎదుర్కొనుట, ఈ రెంటిలో ఏదో ఒకటి తక్షణమే జరిపించ చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు (అలా రాయాలన్నారు గనక రాశాను),
అడబాల దుర్గారావు

తా.క.: ఈ అర్జీ అబ్బులు గారికి చదివి వినిపించాను. రెండో కోరిక వినగానే లేచి, ఒక్క బంతేగా, వేసి చూస్తానన్నారు. చెయ్యి చెవి దాకా కూడా లేవలేదు. చెయ్యి దించేసి, "ఆ ముక్క కొట్టేయండి దుర్గారావుగారూ. ఆయన నిజంగా వచ్చేస్తే ఎలాగండీ?" అన్నారు. కావున (ఆ) కొట్టివేయడమైనది. ఇక మిగిలింది తమరు అవుటవడమే. సంతకం పెట్టండి.